సీటు కవర్లు వేయించింది నేనే, ఇప్పుడు బావకి ఎలా చెప్పను?

ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి అవి వదిలేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

రాసింది ఇరవై తొమ్మిదేళ్ల అబ్బాయి. సొంతూరు పల్నాడు వైపు, ఉద్యోగం బెంగళూరులో. ఒక్కతే అక్క. అక్కా బావా ఆరేళ్ల పాపతో హైదరాబాద్‌లో ఉంటారు. పోయిన దసరాకి వాళ్లు కొత్త కారు కొన్నారు, ఆరు ఎయిర్‌బ్యాగులున్నది. తమ్ముడి కానుకగా ఉండాలని ఇతను గుంటూరులో ఒక షాపుకి తీసుకెళ్లి లెదర్ లాంటి సీటు కవర్లు వేయించాడు, ₹7,200. "వద్దురా, కంపెనీ సీటే బాగుంది" అని అక్క అంది. పాప పాలు ఒలకబోస్తుంది, మరకలు పడతాయని ఇతనే పట్టుబట్టాడు. కవర్ ఎక్కించేటప్పుడు సీటు పక్కన కుట్టిన చిన్న గుడ్డముక్క మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉండటం చూసి, "ఇది లోపలికి పోతోంది, ఫర్వాలేదా?" అని అడిగాడు కూడా. షాపతను, "ఏం కాదు సార్, చింపుకుని వచ్చేస్తుంది, అందరూ వేయించుకుంటున్నారు" అన్నాడు.

సంక్రాంతికి ఊరొచ్చి తిరిగి వెళ్తుంటే, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద పిడుగురాళ్ల దాటాక, ఎడమవైపు పల్లెరోడ్డు నుంచి ఒక పాల వ్యాన్ ఆగకుండా హైవే మీదకి వచ్చి నేరుగా ఎడమ ముందు డోర్‌ని గుద్దింది. బావ డ్రైవింగ్‌లో ఉన్నాడు. అక్క ఎడమ సీట్లో బెల్టు పెట్టుకునే ఉంది, కానీ సీటు కొంచెం వెనక్కి వాల్చి, డోర్‌కీ తనకీ మధ్య దిండు పెట్టుకుని నిద్రపోతోంది. పాప వెనక కుడివైపు ఉంది, దెబ్బ తగల్లేదు. అక్కకి ఎడమ పక్కటెముకలు మూడు విరిగాయి, కటి ఎముక కొద్దిగా చిట్లింది. తలకి ఏమీ కాలేదు. రెండు నెలలైంది, ఇప్పుడు మెల్లగా నడుస్తోంది.

చిక్కు ఇక్కడే మొదలైంది. పై నుంచి పరదాలా దిగే బ్యాగు ఒక్కటే తెరుచుకుంది, మిగతా ఐదూ తెరుచుకోలేదని బావ మండిపడుతున్నాడు. కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తానని లాయర్‌ని పెట్టుకున్నాడు, పది రోజుల్లో నోటీసు వెళ్తుందట. బావ తమ్ముడు వర్క్‌షాప్ యార్డులో కారుని ఫోటోలు తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు. అందులో ఒక ఫోటోలో అక్క కూర్చున్న సీటు వెనక, కవర్ జిప్పు దగ్గర కుట్టు ఊడి, లోపల్నుంచి తెల్లటి గుడ్డ వేలాడుతోంది. ఇంకెవరూ దాన్ని పట్టించుకోలేదు. ఈ అబ్బాయి ఆ ఫోటోని రోజూ తెరిచి చూసుకుంటున్నాడు. "అది తెరుచుకుంది సార్, నేను వేయించిన కవర్ దాన్ని ఆపేసింది. అక్క ఎముకలు నా వల్లే విరిగాయా? ఈ మాట బావకి చెప్పాలా, నోరుమూసుకోవాలా? చెబితే అక్క కాపురంలో నన్ను ఏ మొహంతో చూస్తారు?" ఇదీ ఉత్తరం.

తమ్ముడూ, ముందు నా సంగతి చెబుతాను, లేకపోతే ఈయనకేం తెలుసు అనుకుంటారు. ఈ శీర్షిక రాయకముందు పదకొండేళ్లు కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. అందుకే మీరు పంపిన ఫోటో చూడగానే నా చూపు మీలాగే ఆ జిప్పు మీదకే పోయింది. మీరు చూసింది నిజమే అనిపిస్తోంది. ఆ బ్యాగు పేలినట్టే ఉంది, తన దారిన రాకుండా వెనక్కి పోయినట్టే ఉంది. ఫోటో చూసి ఖాయంగా చెప్పలేం, సీటు విప్పితేనే తేలుతుంది. కానీ "కాదులే, నీ ఊహ" అని మిమ్మల్ని ఓదార్చడానికి నాకు నోరు రావడం లేదు.

ఇక "నా వల్లేనా" అన్న ప్రశ్న. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో తేల్చేయలేం, ఎందుకో తెలియాలంటే ఆ సీటు లోపల ఏముంటుందో చూడాలి.

మీ అక్క పక్కటెముకలకీ డోర్ లోపలి గోడకీ మధ్య ఉండేది జానెడు జాగా. ముందు నుంచి గుద్దుకుంటే బంపరు, ఇంజన్ గది, అవన్నీ నలిగాక గానీ దెబ్బ మనిషి దాకా రాదు. పక్క నుంచి వస్తే మధ్యలో ఉండేది డోరు రేకూ, దానిలోపల ఒక ఇనుప కమ్మీ, అంతే. గంటకి 50 కిలోమీటర్ల వేగం అంటే మిల్లీసెకనుకి దాదాపు 1.4 సెంటీమీటర్లు. అందుకే ముందు బ్యాగుకి ముప్పై, నలభై మిల్లీసెకన్ల టైమున్నా, పక్క బ్యాగుకి అంత ఉండదు. దెబ్బ తగిలిందని గుర్తుపట్టడం, బ్యాగు నిండటం రెండూ కలిపి ఇరవై మిల్లీసెకన్ల లోపు అయిపోవాలి. మనం రెప్ప ఒకసారి వేసి తీయడానికి పట్టేది వందకి పైనే. చాలా కార్లలో డోరు లోపలి ఖాళీలో ఒక ప్రెషర్ సెన్సర్ పెడతారు, రేకు లోపలికి నొక్కుకుపోగానే అక్కడి గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని బట్టి పసిగడుతుంది. (పెద్ద స్పీకర్ల కోసం డోర్లకి కొత్తగా చిల్లులు కొట్టించేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.)

ఆ బ్యాగుని డోర్‌లో కాకుండా సీటులోనే ఎందుకు పెట్టారంటే, సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, పొట్టివాళ్లు ముందుకి లాక్కుంటారు, పొడుగువాళ్లు వెనక్కి జరుపుకుంటారు, బ్యాగు సీటులో ఉంటే ఎవరు కూర్చున్నా వాళ్ల పక్కటెముకల పక్కనే ఉంటుంది. వోల్వో వాళ్లు 1994లో 850 కారుకి మొదటిసారి పెట్టింది ఇలాంటి సీటు బ్యాగే. పై నుంచి దిగే కర్టెన్‌ని నాలుగేళ్ల తర్వాత, 1998లో ఎస్80లో తెచ్చారు. తల కోసం కర్టెన్, ఛాతీ కోసం సీటు బ్యాగు, రెండూ వేర్వేరు పనులు.

ఇప్పుడు ఆ సీటు కుట్టు సంగతి. సీటు వీపు భాగానికి బయటి అంచున, బ్యాగు ఉన్నచోట, పైనుంచి కిందికి ఒక కుట్టు ఉంటుంది. చూడటానికి మిగతా కుట్లలాగే ఉంటుంది. మా ఫ్యాక్టరీలో ఆ కుట్టుకి మిషన్ వేరు, దారం వేరు. అంగుళానికి ఎన్ని కుట్లు పడాలో లెక్క, దారం బిగువుకి లెక్క, ఒక్కో కవర్‌కీ ఒక బార్‌కోడ్, కుట్టు ముగిశాక ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాలి. ఒక కుట్టు తక్కువైనా ఎక్కువైనా మిషన్ ఆగిపోయేది, ఆ కవర్ పక్కకి వెళ్లిపోయేది. కొత్తగా చేరిన టైలర్లకి ఆ మిషన్ ఇచ్చేవాళ్లం కాదు. ఎందుకంత చాదస్తం అంటే, ఆ కుట్టు రోజువారీ కూర్చోవడానికి ఊడకూడదు, బ్యాగు పేలినప్పుడు మాత్రం ఠక్కున అక్కడే విడిపోవాలి. లోపల బ్యాగు చుట్టూ ఒక గుడ్డ దారి కూడా కుడతారు, గాలి స్పాంజిలోకి పోకుండా తిన్నగా ఆ కుట్టు వైపే తోసేలా.

దాని మీద మీరు వేయించిన కవర్ వచ్చి కూర్చుంది. బ్యాగుకి బుద్ధి ఉండదు, ఎక్కడ బలహీనంగా ఉంటే అటు పోతుంది. మీ కవర్లో అన్నిటికన్నా బలహీనమైన చోటు వెనక జిప్పు, అందుకే అటు పోయినట్టుంది. షాపతను "చింపుకుని వచ్చేస్తుంది" అన్నది ఒక్కోసారి జరుగుతుంది కూడా, కాకపోతే చింపుకోవడానికి పట్టే ఆ కొన్ని మిల్లీసెకన్లే ఇక్కడ లేనివి. లేటుగా వచ్చినా, పక్కకి తిరిగి వచ్చినా రానట్టే లెక్క.

ఇంతవరకూ చదివి కవరే కారణమని తేల్చేసుకోకండి. మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఇంకొకటుంది, దిండు. సీటు బ్యాగు తెరుచుకోవాల్సిన జానెడు జాగాలో దిండు ఉంది. కవర్ లేకపోయినా, ఆ బ్యాగు దిండుని తోసుకుంటూ రావాలి. పైగా సీటు వాలి ఉంది, మనిషి ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇవన్నీ బ్యాగు డిజైన్ చేసినవాళ్లు లెక్కలోకి తీసుకునే కూర్చునే తీరుకి దూరం. ఈ మాట మీ అక్క మీద తప్పు వేయడానికి చెప్పడం లేదు, పండక్కి పుట్టింట్లో పనంతా చేసి అలిసిపోయి కారెక్కగానే నిద్రపోయే ఆడవాళ్లు ఎంతమంది లేరు! దయచేసి ఈ పేరా ఆమెకి చూపించకండి, చూపిస్తే ఇంట్లో తనని తాను తిట్టుకునేవాళ్లు ఇద్దరవుతారు.

ఇంకా ఉంది. కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్‌లో పక్క నుంచి గుద్దే పరీక్షకి వాడే బండి బరువు 950 కిలోలు, వేగం 50 కిలోమీటర్లు. పాల క్యాన్లతో నిండిన వ్యాన్ బరువు అంతకన్నా చాలా ఎక్కువ, ఎంత వేగంతో వచ్చిందో మనకి తెలియదు. అలాంటి దెబ్బకి బ్యాగు చక్కగా తెరుచుకున్నా ఎముకలు విరగవచ్చు. అమెరికాలో బీమా సంస్థలు నడిపే హైవే భద్రతా పరిశోధనా కేంద్రం ఒక లెక్క తీసింది: డ్రైవర్ వైపు నుంచి గుద్దిన ప్రమాదాల్లో తలని కాపాడే పక్క బ్యాగులుంటే కారు డ్రైవర్ చనిపోయే ప్రమాదం 37 శాతం తగ్గింది, ఛాతీ బ్యాగు ఒక్కటే ఉంటే 26 శాతం. అంటే ఛాతీ బ్యాగు పనికొచ్చేదే, కానీ ఉన్నంతమాత్రాన దెబ్బే తగలదని కాదు. మీ అక్క ప్రాణానికి అన్నిటికన్నా ముఖ్యమైంది తల, ఆ తలని కర్టెన్ కాపాడింది, దానికి మీ కవర్ అడ్డు రాలేదు. కవర్ లేకపోతే మూడు ఎముకలకి బదులు ఒకటి విరిగేదా, అసలు విరిగేది కాదా, మూడూ విరిగేవా, ఇది ఎవరూ చెప్పలేరు. మీ వాటా సున్నా కాదు, నూరు పాళ్లూ కాదు. ఆ మధ్యలో ఎక్కడుందో తెలియకుండానే మీరు బతకాల్సి ఉంటుంది, అది కష్టమే.

ఇప్పుడు మీ బావగారి కోపం దగ్గరికి. ఐదు తెరుచుకోలేదని ఆయన అంటున్నది సగం అపోహ. ఎడమ నుంచి దెబ్బ తగిలితే ఎడమ పక్కవి తెరుచుకోవాలి, కుడి పక్కవి తెరుచుకోవాల్సిన పని లేదు. స్టీరింగ్‌లోదీ, డాష్‌బోర్డులోదీ ముందు నుంచి వచ్చే దెబ్బకి. పక్క దెబ్బకి మనిషి డోర్ వైపు ఒరుగుతాడు గానీ స్టీరింగ్ మీదకి పోడు, అవి తెరుచుకోకపోవడం లోపం అనలేం. మొత్తం మీద తెరుచుకోవాల్సినవి రెండు. ఒకటి తెరుచుకుంది, రెండోది మీ ఫోటోలో జిప్పులోంచి వేలాడుతోంది. కొన్నప్పుడు షోరూమ్‌లో ఆరు, ఆరు అని ఊదరగొడతారు గానీ ఏది ఎప్పుడు తెరుచుకుంటుందో ఒక్కరూ చెప్పరు. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చి, 2023 అక్టోబర్‌కి వాయిదా వేసి, చివరికి తప్పనిసరి చేయబోమని చెప్పేసరికి, ఆ రెండేళ్లూ జనానికి బ్యాగుల సంఖ్య ఒక్కటే తలకెక్కింది. మీ బావని తప్పుపట్టలేం.

బహుశా లాయర్ ఆయనకి సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ తీర్పు గురించి చెప్పి ఉంటారు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కేసులో కోర్టు కొనుక్కున్నవాళ్ల పక్షాన నిలిచింది, వేగం, బలం లెక్కలు కట్టడానికి కారు కొనేవాడేమీ ఫిజిక్స్ పండితుడు కాడన్న అర్థంలో మాట్లాడింది. మంచి తీర్పే. కానీ అది ముందు నుంచి గుద్దుకున్న ప్రమాదం, ముందు బ్యాగులు తెరుచుకోని కేసు. మీ కారు సంగతి వేరు. కంపెనీ తరఫు ఇంజనీర్ వచ్చి మొదట అడిగేది సీటు. పక్క బ్యాగులున్న సీట్లకి కవర్లు వేయొద్దని ఓనర్స్ మాన్యువల్‌లో సాధారణంగా హెచ్చరిక ఉంటుంది, ఆ పేజీ కాపీ ఫైల్లో ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ అని సీట్ల మధ్యలో ఒక డబ్బా ఉంటుంది, పేలమని ఏ బ్యాగుకి ఆదేశం ఇచ్చిందో అందులో నమోదవుతుంది. మీరు నోరు విప్పకపోయినా అది విప్పుతుంది.

అందుకే మీ ముందున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

ఊరుకోవడం ఒక దారి. పది రోజుల్లో నోటీసు వెళ్తుంది, కంపెనీ జవాబు ఇస్తుంది, కేసు సాగుతుంది, ఏడాదికో ఏడాదిన్నరకో తనిఖీ రిపోర్టులో "సీటుపై బయటి కవర్" అన్న మాట వస్తుంది. ఆ రోజు మీ బావ లాయర్ ఫీజులూ, తిరిగిన తిరుగుళ్లూ పక్కనబెట్టి, "ఈ కవర్లు వేయించింది వాడే కదా, ఆ ఫోటో వాడూ చూశాడు కదా" అని వెనక్కి లెక్క వేసుకుంటారు. ఇప్పుడు చెబితే మీది తెలియక చేసిన పొరపాటు. అప్పుడు తేలితే తెలిసీ దాచిన విషయం. మొదటిదాన్ని ఏ బావైనా ఒక నెల కోపంతో సరిపెట్టుకుంటాడు, రెండోదానికి గ్యారంటీ లేదు. అన్యాయంగా ఒక కంపెనీ మీద కేసు నడుస్తుందన్న విషయం కూడా ఉంది, దాన్ని మీరెంత పట్టించుకుంటారో నాకు తెలియదు. నేనైతే కొంచెం పట్టించుకుంటాను.

ముందు అక్కకి చెప్పడం ఇంకో దారి. మీకు ఇదే సులువుగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్క తిట్టినా అక్కే. కానీ ఆమె ఇంకా కోలుకుంటోంది, పైగా చెప్పిన మరుక్షణం ఆ బరువు ఆమె నెత్తిన పడుతుంది, మొగుడికి చెప్పాలా, తమ్ముణ్ని కాపాడాలా అని. ఆమె దాచిందని తర్వాత తెలిస్తే గొడవ మీకూ బావకీ మధ్య ఉండదు, ఆమెకీ ఆయనకీ మధ్య ఉంటుంది. మీరు భయపడుతున్నది సరిగ్గా దానికే కదా. అక్కకి చెప్పండి, కానీ బావకి చెప్పబోయే రోజే, "సాయంత్రం బావతో మాట్లాడుతున్నా" అన్న మాటతో కలిపి చెప్పండి.

మూడోది నేరుగా బావ దగ్గరికి వెళ్లడం. ఫోన్‌లో వద్దు. హైదరాబాద్ వెళ్లి, ఇంట్లో పదిమంది లేనప్పుడు, ఫోటో చూపించి చెప్పడం. కోప్పడతారు. "నువ్వు అడిగినప్పుడు షాపోడు అలా అన్నాడా, మరి నాకెందుకు చెప్పలేదు?" అంటారు. దానికి మీ దగ్గర జవాబు లేదు, వెతకొద్దు కూడా. "అడిగాను, ఏం కాదన్నాడు, నమ్మాను" అంతే. మీ ఉత్తరంలో ఆ షాపు సంభాషణ పేజీన్నర రాశారు, బావ దగ్గర అంత చెబితే తప్పించుకోవడానికి చూస్తున్నట్టే ఉంటుంది. ఇందులో నష్టం తెలిసిందే, కొన్నాళ్లు ఆ ఇంట్లో మీకు మర్యాద తగ్గుతుంది, వాళ్ల అమ్మగారు ఒకటో రెండో అంటారు. లాభం ఏమిటంటే కేసు వేయాలా వద్దా, ఎవరి మీద వేయాలి అన్నది ఆయన అన్నీ తెలిసి నిర్ణయించుకుంటారు.

వీటి మధ్య ఒక సన్నని దారి కూడా ఉంది, చెబుతాను గానీ నాకు అంత నచ్చదు. "నోటీసుకి ముందు ఒకసారి సీటు విప్పించి, కంట్రోల్ యూనిట్ రిపోర్టు అడుగుదాం బావా" అని మీరే సలహా ఇచ్చి, తనిఖీ రోజు పక్కనే నిలబడి, ఇంజనీర్ నోటితోనే ఆ మాట వచ్చేలా చూడటం. నిజం బయటికొస్తుంది, మీరు దాచినట్టూ ఉండదు. కాకపోతే పదిమంది మెకానిక్‌ల ముందు మీ బావ ఆ మాట వింటారు. ఆయన స్థానంలో నేనుంటే ముందు మీ నోటి నుంచే వినాలనుకుంటాను.

ఏ దారి పట్టినా ఒక పని మాత్రం ఈ వారంలోనే కావాలి. ఆ కారు ఇంకా యార్డులోనే ఉందా? ఇంత దెబ్బ తిన్న బండిని బీమా కంపెనీ బాగుచేయడం దండగని టోటల్ లాస్ కింద తేల్చేస్తే, పాత బళ్లు కొనేవాళ్లకి వెళ్లిపోతుంది, సీటు ఒక చోట, కంట్రోల్ యూనిట్ డబ్బా ఒక చోట తేలతాయి. అప్పుడు మీకు గానీ, కంపెనీకి గానీ, బావకి గానీ నిజం ఎప్పటికీ తెలియదు. ఎడమ సీటు, కవర్‌తో సహా, విప్పకుండా అలాగే ఉంచమని వర్క్‌షాప్‌కీ బీమా కంపెనీకీ రాతపూర్వకంగా అడగాలి. కారు బావ పేరు మీద ఉంది కాబట్టి ఆ కాగితం మీద సంతకం ఆయనదే ఉండాలి, అంటే మీ మాట ఈ వారమే ఆయన చెవిన పడాలన్నమాట.

ఇక నన్ను నిజంగా చిరాకు పెట్టిన విషయం. నాలుగు పేజీల్లో కంపెనీ ఉంది, కవర్ ఉంది, షాపు ఉంది, మీ అపరాధ భావం ఉంది, ఆ పాల వ్యాన్ మాత్రం ఒక్క వాక్యంలో ఉంది. అయ్యా, గుద్దింది ఆ వ్యాన్! పల్లెరోడ్డు నుంచి ఆగకుండా వచ్చిన వాడు. ఎఫ్ఐఆర్ అయిందా? వ్యాన్‌కి బీమా ఉందా? మీ అక్క ఆసుపత్రి ఖర్చులకీ, పోయిన జీతానికీ, పడ్డ బాధకీ పరిహారం అడగాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో. మన జిల్లా కోర్టుల్లో దీన్నే ఎం.వి.ఓ.పి. వేయడం అంటారు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో రాసుంది. సంక్రాంతి దాటాక జరిగింది అంటే మీకు జూలై దాకా టైముంది, రెండు నెలలు ఇప్పటికే అయిపోయాయి. వినియోగదారుల కేసుకేమో రెండేళ్ల గడువుంది. గడువు దగ్గరున్నదాన్ని వదిలేసి, దూరంగా ఉన్నదాని మీద పది రోజుల్లో నోటీసంటూ పరిగెడుతున్నారు. బావతో మీ మాటల్లో ఇది కూడా ఉండాలి. తప్పు ఒప్పుకున్నవాడు పనికొచ్చే మాట కూడా ఒకటి తెచ్చాడనిపిస్తే ఆ సాయంత్రం కొంచెం తేలిగ్గా గడుస్తుంది.

షాపు మీద కేసు వేయొచ్చా అని అడిగారు. బిల్లు ఉందా? అందులో ఎయిర్‌బ్యాగ్‌కి సరిపడే కవర్లని రాసి ఉంటే, రాసి ఉండి అది అబద్ధమైతే, లాయర్‌కి పట్టు దొరుకుతుంది. బిల్లు లేకుండా ఫోన్‌పేలో కట్టి, నోటిమాట మీద నమ్మి ఉంటే కష్టం, "ఆయనే కావాలన్నాడు" అంటారు. కేసు సంగతి ఎలా ఉన్నా, ఒకసారి వెళ్లి ఆ ఫోటో అతనికి చూపించండి. అరవడానికి వెళ్లొద్దు. రోజుకి నాలుగు కార్లకి ఎక్కిస్తుంటాడు కదా.

మీ నాన్నగారి కారుకీ అలాంటి కవర్లే వేయించానని చివర్లో రాశారు. చదవడం ఇక్కడ ఆపి ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి అవి తీయించండి. ఆ కారుకి పక్క బ్యాగులున్నాయో లేవో తెలియదన్నారు. ముందు సీటు వీపుకి డోర్ వైపు అంచున ఎయిర్‌బ్యాగ్ అని కుట్టిన ట్యాగ్ ఉంటే ఉన్నట్టు, అనుమానముంటే మాన్యువల్ చూడండి. లేకపోతే మీ ఇష్టం, ఉంటే ముందు సీట్ల వీపుకి ఏదీ తొడగొద్దు. మరకల భయముంటే కూర్చునే భాగానికి మాత్రం గుడ్డ వేసుకోవచ్చు. అయినా కొంతమంది కొన్నప్పుడు సీటు మీదుండే ప్లాస్టిక్ కవరే ఏడాది దాకా తీయరు, వాళ్లతో పోలిస్తే మీరు నయం. బయటి పక్క తెరిచి ఉంచిన కవర్లూ, అక్కడ తేలిగ్గా ఊడే కుట్టున్నవీ దొరుకుతాయి, నిజంగా అలా కుట్టారో లేదో బయటి నుంచి చూసి చెప్పడం పదకొండేళ్లు అదే పని చేసిన నాకే కష్టం, అందుకని నా కారుకి ఏమీ వేయలేదు. పై కర్టెన్ దిగే దారిలో, పట్టుకునే హ్యాండిల్‌కి ఇస్త్రీ చొక్కాల హ్యాంగర్లు తగిలించే అలవాటుంటే అదీ మానమనండి. నిద్రపోయేవాళ్లకి దిండు కావాలంటే మెడ చుట్టూ పెట్టుకునేది ఇవ్వండి, డోర్‌కీ ఒంటికీ మధ్య ఏదీ ఉండకూడదు.

మీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నారు. బావతో మాట్లాడాక కూడా పట్టకపోతే, నెల దాటినా ఆ ఫోటోనే కళ్ల ముందు తిరుగుతుంటే, బెంగళూరులో ఒక సైకాలజిస్టుని కలవండి. అక్కకి ప్రమాదంలో దెబ్బ తగిలింది, మీరు ఆ ఫోటోలో ఇరుక్కుపోయారు, రెండింటికీ మందు అవసరమే.

ఇంకో చిన్న విషయం. మీరు నాకు పంపింది వాట్సాప్‌లో వచ్చిన ఫోటో. వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, తీసిన తేదీ, టైము పోతాయి. అసలు ఫోటో బావ తమ్ముడి ఫోన్‌లో ఉంటుంది. బావతో మాట్లాడటం అయ్యాక అతన్ని అడిగి, ఈమెయిల్‌లో పూర్తి సైజులో తెప్పించుకుని, ఎవరూ చెరిపేయకుండా రెండు చోట్ల దాచండి.